బండి ఒకటి.. బీమాలు రెండు!
అడగకుండానే పునరుద్ధరణ - వాయిదాతో కలిపి వసూలు
రద్దు చేయించుకునే దారి తెలియక కారు యజమానుల అవస్థ

నరసరావుపేట: పంట చేతికొచ్చిన ఏడాది కాస్త మిగిలితే ఎడ్లబండి తీసేసి ట్రాక్టరు కొన్నారు. ఆ తర్వాత మోటారు సైకిలు వచ్చింది. ఇప్పుడు ఊరికి పది ఇళ్ళ ముందు కారు కనిపిస్తోంది. పల్నాడు పల్లెల్లో కారు విలాస వస్తువన్న రోజులు పోయాయి. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే గుంటూరు ఆస్పత్రికి చేర్చేది అదే. పెళ్ళిళ్ళకూ, కోటప్పకొండ తిరునాళ్ళకూ అదే. అయితే వీటిలో ఎక్కువ భాగం రొక్కం పోసి కొన్నవి కావు. ఫైనాన్స్ మీద తెచ్చుకున్నవి. నెలనెలా వాయిదా కట్టాలి, ఏటా బీమా కట్టాలి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా, ఆ బీమా యజమాని ప్రమేయం లేకుండా తనంతట తానే కొత్త ఏడాదికి సాగిపోయే సందర్భాలు ఉన్నాయని. యజమాని పట్నంలో ఏజెంటు దగ్గర ఒక పాలసీ తీసుకుంటాడు. ఫైనాన్స్ కంపెనీ వారు మరొకటి తీసుకుంటారు. బండి ఒకటే, బీమాలు రెండు. డబ్బు మాత్రం ఒకే జేబులోంచి పోతుంది.

ఇలా పోయిన డబ్బును తిరిగి రాబట్టుకోవచ్చు. అందుకు దారి ఉంది, నిబంధన ఉంది. కాని ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలియకపోతే డబ్బు కోసం పోయి ఆస్తికే ఎసరు తెచ్చుకునే ప్రమాదమూ ఉంది. అందుకే ఈ వివరాలు.

వాయిదాకు తోడు రూ.14,600

పిడుగురాళ్ళ సమీప గ్రామానికి చెందిన ఒక మిర్చి రైతు సంగతి చూద్దాం. నాలుగేళ్ళ క్రితం అయిదేళ్ళ వాయిదాల మీద కారు తీసుకున్నాడు. ఈ ఏడాది జనవరి 20తో పాత పాలసీ గడువు ముగుస్తుందని గుర్తు పెట్టుకుని, రెండు రోజుల ముందే నరసరావుపేట వచ్చి తెలిసిన ఏజెంటు దగ్గర రూ.11,300 చెల్లించి కొత్త పాలసీ రాయించుకున్నాడు. కాగితం తీసుకెళ్ళి బీరువాలో భద్రం చేశాడు.

ఫిబ్రవరి 5న వాయిదా సొమ్ముతో పాటు మరో రూ.14,600 బ్యాంకు ఖాతా నుంచి పోయింది. మిర్చి కోత కూలీలకు ఇద్దామని ఉంచుకున్న సొమ్ము అది. బ్యాంకులో అడిగితే ఫైనాన్స్ వారు తీసుకున్నారన్నారు. ఫైనాన్స్ కార్యాలయానికి పోతే అక్కడి కుర్రవాడు, ‘‘బాబాయ్, మీ బీమా అయిపోతోందని మేమే కట్టాం. అది మా చేతుల్లో ఉండదు, కంప్యూటర్లో అదే పడిపోద్ది’’ అన్నాడట. బీమా కంపెనీకి ఫోను చేస్తే, పాలసీ తీసుకున్నది ఫైనాన్స్ వారు కనుక వారినే అడగమన్నారట. ఏజెంటును నిలదీస్తే ‘‘నా పాలసీ సక్రమంగానే ఉంది కదండీ’’ అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తప్పుకున్నారు. నాలుగు రోజులు, నాలుగు గడపలు తిరిగాడు. బస్సు ఛార్జీలు అదనం.

విచారించగా, ఫైనాన్స్ వారు జనవరి మొదటి వారంలో రెండు సందేశాలు పంపినట్టు తేలింది. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. పైగా రుణం తీసుకున్నప్పుడు ఇచ్చిన పాత ఫోను నంబరుకు పోయాయి. ఆ నంబరు రెండేళ్ళుగా వాడకంలో లేదు.

సంతకం ఎక్కడ పెట్టాం?

‘‘నేనెప్పుడు ఒప్పుకున్నాను?’’ అన్నది ఇలాంటి వారందరి ప్రశ్న. జవాబు రుణపత్రంలో ఉంటుంది. బండి మీద అప్పు తీరేదాకా ఆ బండి ఫైనాన్స్ వారికి తాకట్టులో ఉన్నట్టే. ఆర్‌.సి. పుస్తకంలో వారి పేరు కూడా ఉంటుంది. బండికి ఏదైనా జరిగితే తమ అప్పు మునిగిపోకుండా, యజమాని బీమా కట్టకపోతే తామే కట్టి ఆ సొమ్మును రుణ ఖాతాలో రాసుకుంటామని సాధారణంగా రుణపత్రంలో ఒక షరతు పెడతారు. షోరూములో తాళాలు చేతికి వచ్చే హడావుడిలో పాతిక చోట్ల సంతకాలు పెడతాం. వాటిలో ఇదొకటి.

ఇది కాక మరో రెండు దారుల్లో కూడా బీమా తనంతట తాను సాగుతుంది. మొదటిది, ఫోనులో పాలసీ కొన్నప్పుడు యూపీఐ ఆటోపే అనే దానికి ‘సరే’ అని నొక్కడం. రెండవది, ఏటీఎం కార్డు లేదా క్రెడిట్ కార్డు మీద ఏటా తీసుకునేందుకు అనుమతి ఇవ్వడం. ఈ రెండింటికీ రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కట్టుదిట్టమైన నిబంధన అమలు చేస్తోంది. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలు అందులోనే ఉండాలి. ‘‘ఓటీపీ అడగలేదే, మరి ఎలా పోయింది?’’ అని కొందరు అడుగుతున్నారు. ముందే అనుమతి ఇచ్చి ఉంటే బీమా ప్రీమియానికి లక్ష రూపాయల వరకూ ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో సడలింపు ఇచ్చింది. కాబట్టి ఆ 24 గంటల ముందు సందేశమే మనకు మిగిలిన కాపలా. దానిని చదవకుండా తుడిచేస్తే కాపలా కుక్కను మనమే తరిమేసినట్టు.

తొందరపడితే రెంటికీ చెడతాం

సొమ్ము పోయిందన్న కోపంలో చాలామంది చేసే పని బ్యాంకుకు పోయి ‘‘వాళ్ళకు ఇక నా ఖాతా నుంచి పైసా ఇవ్వొద్దు’’ అని రాసివ్వడం. ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఫైనాన్స్ వారికిచ్చిన అనుమతిని ఆపితే బీమా సొమ్ముతో పాటు నెలవారీ వాయిదా కూడా ఆగుతుంది. వాయిదా తప్పితే జరిమానా పడుతుంది. పరపతి లెక్క చెడిపోతుంది. రేపు పంట రుణానికో, పిల్లవాడి చదువు రుణానికో బ్యాంకుకు పోతే అదే అడ్డం వస్తుంది. పైగా, చెల్లింపు ఆపినంత మాత్రాన పాలసీ రద్దు కాదు. సొమ్ము వెనక్కి రాదు. రద్దు వేరు, చెల్లింపు ఆపడం వేరు.

కొందరు అంతకంటే పెద్ద పొరపాటు చేస్తారు. రెండో బీమా సంగతి చూసుకోకుండానే ఉన్నదాన్ని రద్దు చేయించి, ‘‘వారం తర్వాత తక్కువ ధరకు కొత్తది తీసుకుందాంలే’’ అనుకుంటారు. ఆ వారమే ముప్పు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం కనీసం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. పట్టుబడితే 196వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ. రెండోసారి జరిమానా రూ.4,000. 2019 సెప్టెంబరు 1 నుంచి ఈ మొత్తాలు అమల్లోకి వచ్చాయి. ఇది చిన్న సంగతి. అసలు సంగతి ప్రమాదం జరిగితే తెలుస్తుంది. బండి తగిలి ఎవరైనా చనిపోతే, కాళ్ళూ చేతులూ పోగొట్టుకుంటే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నష్ట పరిహారం నిర్ణయిస్తుంది. లక్షల్లో ఉంటుంది. బీమా ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే యజమాని కట్టాలి. కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు పత్రం పంపితే, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే ఆ సొమ్ము రాబడతారు. అంటే రెండు బీమాలు ఉంటే పోయేది పది పదిహేను వేలు. ఒక్కటీ లేని రోజున ప్రమాదం జరిగితే పోయేది పొలం.

ప్రమాదం జరిగిన తర్వాత పరుగున పోయి పాలసీ తీసుకున్నా లాభం లేదు. పాలసీ మీద తేదీతో పాటు మొదలయ్యే గంట కూడా అచ్చయి ఉంటుంది. ఆ గంటకు ముందు జరిగిన దానికి కంపెనీ బాధ్యత ఉండదు. కాబట్టి వరుస ఎప్పుడూ ఇదే: ఒక పాలసీ చేతిలో ఉండాలి. ఆ తర్వాతే రెండో దాన్ని రద్దు చేయాలి.

ఏది ఉంచాలి? ఏది వదలాలి?

రెండు పాలసీల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది తేదీలు. సాధారణంగా ఒకే బండికి ఒకే రకం పాలసీలు రెండు ఉంటే, వెనుక మొదలైన దాన్ని రద్దు చేయడం బీమా కంపెనీల పద్ధతి. రెండూ ఒకే రోజు మొదలైతే ఏది వదులుకుంటామో మనం చెప్పుకోవచ్చు.

రెండవది, ఏ రకం పాలసీ అన్నది. థర్డ్ పార్టీ పాలసీ మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. మన కారుకు దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకుపోయినా, వరదలో మునిగినా దానికింద రూపాయి రాదు. రెండూ కలిసిన దాన్ని ప్యాకేజీ లేదా కాంప్రహెన్సివ్ పాలసీ అంటారు. రెండు పాలసీల్లో ఒకటి థర్డ్ పార్టీది, ఇంకొకటి ప్యాకేజీ అయితే, ధర తక్కువని థర్డ్ పార్టీది ఉంచుకుని ప్యాకేజీ వదిలేస్తే ఫైనాన్స్ వారు ఒప్పుకోరు. అప్పు తీరేదాకా బండికీ బీమా ఉండాలని వారి షరతు.

మూడవది బండి విలువ. ఐ.డి.వి. అని కాగితం మీద ఉంటుంది. కారు పూర్తిగా పోతే వచ్చే సొమ్ముకు ఇదే ఆధారం. ప్రీమియం తక్కువగా కనిపించడానికి కొన్నిచోట్ల ఈ విలువ తగ్గించి రాస్తారు. అది చూసుకోవాలి.

నాలుగవది బోనస్. ఏడాదంతా క్లెయిము అడగకపోతే తర్వాతి ఏడాది సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. వరుసగా అలాగే సాగితే 25, 35, 45, చివరకు 50 శాతం వరకూ తగ్గింపు పెరుగుతుంది. కంపెనీ మారినా ఈ తగ్గింపు యజమాని వెంట వస్తుంది. గడువు దాటి 90 రోజుల్లోపు పునరుద్ధరించకపోతే మాత్రం పోతుంది. ఉంచుకునే పాలసీలో ఈ తగ్గింపు పడిందో లేదో చూసుకోవాలి.

కొత్త కారు వారికి మరో హెచ్చరిక. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా, కొత్త మోటారు సైకిలుకు అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా మొదట్లోనే కట్టించుకుంటున్నారు. సొంత బండి నష్టం భాగం మాత్రం ఏడాదితో ముగిసి ఉండవచ్చు. కాగితం మీద రెండు గడువు తేదీలు ఉంటాయి. ఇది గమనించక రెండో ఏడాదిలో మళ్ళీ పూర్తి ప్యాకేజీ కట్టిన వారికి థర్డ్ పార్టీ సొమ్ము రెండుసార్లు పోయినట్టే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 నుంచి 1500 సి.సి. మధ్య కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియమే రూ.3,416. పన్ను అదనం. రెండు, మూడు సంవత్సరాల్లో సొంత నష్టం పాలసీ ఒక్కటే విడిగా తీసుకునే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది.

రద్దు కోరడం యజమాని హక్కు

ఇప్పుడు అసలు విషయం. ‘‘ఒకసారి కట్టిన బీమా వెనక్కి రాదు’’ అని కొందరు ఏజెంట్లు చెప్పే మాట నిజం కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్‌.డి.ఎ.ఐ. 2024 జూన్ 11న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం సాధారణ బీమా పాలసీని సొంతానికి తీసుకున్న ఖాతాదారు ఎప్పుడైనా రద్దు చేయమని కోరవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ఏడాది పాలసీ అయితే, ఆ ఏడాదిలో క్లెయిము తీసుకోకపోతే, మిగిలిన రోజులకు తగ్గ ప్రీమియం కంపెనీ వాపసు ఇవ్వాలి.

జీవిత బీమాకూ, ఆరోగ్య బీమాకూ ఉన్న ‘30 రోజుల్లో తిప్పి పంపే’ గడువును దీనితో కలిపి గందరగోళ పడవద్దు. ఆ గడువు దాటిపోయిందని కారు బీమా విషయంలో వెనుదిరగనక్కర్లేదు. అయితే రోజు గడిచిన కొద్దీ వచ్చే సొమ్ము తగ్గుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. పైన చెప్పిన రైతు ఉదంతంలో ప్రీమియం రూ.14,600. దాన్ని 365తో భాగిస్తే రోజుకు రూ.40. పాలసీ జనవరి 21న మొదలయింది. ఫిబ్రవరి 10న రద్దయితే అప్పటికి 20 రోజులు గడిచాయి. 20 రోజులకు రూ.800 పోను రూ.13,800 రావాలి. అదే వంద రోజుల తర్వాత మేలుకుంటే రూ.4,000 పోయి రూ.10,600 వస్తుంది. ఆలస్యం చేసిన ప్రతిరోజూ ఒక నలభై కరిగిపోతుందన్న మాట. థర్డ్ పార్టీ భాగం విషయంలో మాత్రం, బండికి వేరే బీమా ఉన్నట్టు కాగితం చూపించమని కంపెనీ అడుగుతుంది. మొదటి పాలసీ నకలు జత చేస్తే సరిపోతుంది.

ముఖ్యమైన సంగతి, రద్దు చేయదలచిన పాలసీ మీద ఏ చిన్న క్లెయిమూ పెట్టకూడదు. అద్దం పగిలిందని దాని మీద బాగు చేయించుకుంటే వాపసుకు నీళ్ళు వదులుకోవాలి.

దరఖాస్తు ఇలా రాయండి

నోటిమాట గాలికి పోతుంది. కాగితం నిలుస్తుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు. నమూనా ఇదీ:

‘‘... బీమా కంపెనీ బ్రాంచి మేనేజరు గారికి,
అయ్యా,
నా కారు నంబరు ... . దీనికి మీ కంపెనీలో ... నంబరు పాలసీ ... తేదీ నుంచి ఫైనాన్స్ సంస్థ ద్వారా నా ప్రమేయం లేకుండా పునరుద్ధరింపబడినది. ఇదే కారుకు ఇదే కాలానికి నేను వేరే కంపెనీలో ... నంబరు ప్యాకేజీ పాలసీ తీసుకుని ఉన్నాను. ఒకే వాహనానికి రెండు పాలసీలు ఉన్నందున మీ పాలసీని ఈ దరఖాస్తు అందిన నాటి నుంచి రద్దు చేసి, మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు ఇప్పించవలసినదిగా కోరుతున్నాను. మీ పాలసీ మీద నేను ఎలాంటి క్లెయిమూ తీసుకోలేదు. రద్దు పత్రం నాకు అందజేయవలెను.
జతపరచినవి: రెండు పాలసీల నకళ్ళు, ఆర్‌.సి. నకలు, బ్యాంకు పాసు పుస్తకం నకలు.’’

ఇలాంటిదే మరొక కాగితం ఫైనాన్స్ వారికి కూడా రాయాలి. అందులో సొంతంగా తీసుకున్న పాలసీ నకలు జత చేసి, తమ రుణ ఖాతాలో రాసిన బీమా సొమ్మును కొట్టివేయమని కోరాలి. రెండు కార్యాలయాల్లోనూ రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జిమెంటుతో పంపాలి. ఈమెయిలు తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే అది ఇంకా సులువు. పంపిన గంట, తేదీ దానిలోనే ఉంటాయి.

మరో మెలిక ఉంది. సొమ్ము ఎవరు కట్టారో వారికే కంపెనీ తిప్పి పంపవచ్చు. ఫైనాన్స్ వారు కట్టిన పాలసీ అయితే వాపసు వారి ఖాతాకు పోయే అవకాశం ఎక్కువ. మన రైతు ఉదంతంలోనూ అదే జరిగింది. పాలసీ రద్దయింది కాని, మార్చి వాయిదా దాకా సొమ్ము జాడ లేదు. రుణ ఖాతా లెక్క అడిగి తీసుకుంటే, వాపసు వచ్చిన సొమ్మును రుణం అసలులో తగ్గించినట్టు కనిపించింది. ‘‘చేతికి రాకపోయినా బాకీలో తగ్గింది, సంతోషమే. కాని అడగకపోతే ఆ ముక్క కూడా నాకు తెలిసేది కాదు’’ అని ఆయన అన్నాడు. కాబట్టి రద్దు పత్రంతో సరిపెట్టుకోక, రుణ ఖాతా లెక్క కాగితం తప్పక తీసుకోవాలి. బీమా పేరిట రాసిన మొత్తం ఎంత, తగ్గించిన మొత్తం ఎంత, మధ్యలో వడ్డీ వేశారా అన్నవి అందులో తెలుస్తాయి. రుణపత్రం నకలును రుణం తీసుకున్న వారికి, వీలైనంతవరకు వారికి తెలిసిన భాషలో, ఇవ్వాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్నాళ్ళూ అడగని వారు ఇప్పుడైనా అడిగి తీసుకోవచ్చు.

యూపీఐ ఆటోపే ద్వారా పోయిన వారు ఫోనులో అదే యాప్ తెరిచి, ఆటోపే అన్న చోట ఆ కంపెనీ పేరు మీద ఉన్న అనుమతిని రద్దు చేయాలి. ఇది వచ్చే ఏడాది సొమ్ము పోకుండా ఆపుతుంది. ఈ ఏడాది పోయిన సొమ్ముకు మాత్రం పై దరఖాస్తే దిక్కు.

వినకపోతే ఎక్కడికి?

బీమా కంపెనీ బ్రాంచిలో పని జరగకపోతే ముందుగా అదే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆ చిరునామా పాలసీ కాగితం వెనుకనే ఉంటుంది. ఫలితం లేకపోతే ఐ.ఆర్‌.డి.ఎ.ఐ. వారి ‘బీమా భరోసా’కు 155255 నంబరులో ఉచితంగా ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 1800 4254 732 నంబరు కూడా ఉంది.

నెల రోజులు గడిచినా కంపెనీ జవాబు ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఈ కార్యాలయం హైదరాబాదు లక్డీకాపూల్ ప్రాంతంలో ఉంది. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. రుసుము లేదు. వకీలు అక్కర్లేదు. ఫిర్యాదును పోస్టులో కూడా పంపవచ్చు.

తప్పు ఫైనాన్స్ కంపెనీది లేదా బ్యాంకుది అయితే దారి వేరు. ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నెల రోజులు చూడాలి. ఆ పైన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఇవేవీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వినియోగదారుల సహాయ నంబరు 1915.

ఏ గడప ఎక్కినా అక్కడ మొదట అడిగేది ఒకటే, ‘‘కంపెనీకి రాసిన కాగితం ఏదీ?’’ అని. అది లేకపోతే మొదటి మెట్టు దగ్గరే వెనక్కి పంపుతారు.

వచ్చే ఏడాది ఈ బాధ రాకుండా

గడువు ముగియడానికి కనీసం నెల ముందే కొత్త పాలసీ సంగతి చూసుకోవాలి. చివరి రెండు రోజుల దాకా ఆగితే ఈలోపు ఫైనాన్స్ వారి కంప్యూటరు తన పని తాను చేసుకుపోతుంది. కొత్త పాలసీలో ఫైనాన్స్ సంస్థ పేరు తాకట్టుదారుగా రాయించాలి. రాయించిన వెంటనే దాని నకలు ఫైనాన్స్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. బీరువాలో దాచిన పాలసీ వారికి కనిపించదు. వారికి కనిపించని పాలసీ వారి లెక్కలో లేనట్టే. సగం తగాదాలు ఈ ఒక్క నకలు ఇవ్వకపోవడం వల్లనే వస్తున్నాయి.

ఫోను నంబరు మారితే బ్యాంకులో, ఫైనాన్స్ కంపెనీలో, బీమా కంపెనీలో మూడు చోట్లా మార్పించాలి. సందేశం ఇంగ్లీషులో వస్తే, కాలేజీకి పోయే పిల్లలతో చదివించుకోవాలి. బీమా, ఆటోపే, రెన్యువల్ అన్న మాటలు కనిపిస్తే పక్కన పెట్టవద్దు. బండికి బీమా ఎప్పటి దాకా ఉన్నదీ, ఏ కంపెనీలో ఉన్నదీ ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. కొత్త పాలసీకి డబ్బు కట్టే ముందు ఒకసారి అక్కడ చూస్తే రెండోది రాయించే అవసరమే ఉండదు.

అప్పు తీరిపోయిన వారు కూడా నిశ్చింతగా ఉండరాదు. ఫైనాన్స్ వారి నుంచి అప్పు తీరినట్టు పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా కార్యాలయంలో ఆర్‌.సి. మీద వారి పేరు తీసేయించాలి. ఆ తర్వాత బ్యాంకుకు పోయి వారికిచ్చిన చెల్లింపు అనుమతిని రద్దు చేయించాలి. అప్పుడు ఆపితే నష్టం లేదు. అమ్మేసిన కారు అయితే కొన్న వ్యక్తి 14 రోజుల్లోగా బీమా తన పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. మనం ఆటోపే తీసేయకపోతే ఎవరో తోలుకునే బండికి మనం బీమా కడుతూ ఉంటాం.

ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు ఏదైనా ఫైనాన్స్ మీద తెచ్చుకున్న వారందరికీ ఇదే వరుస. ఈ వారంలో ఒక పూట వీలు చేసుకుని రుణపత్రం, పాలసీ, పాసు పుస్తకం మూడూ ఒకచోట పెట్టుకుని చూడండి. బీమా గడువు తేదీ గోడ మీద క్యాలెండరులో నెల ముందు పేజీలో రాసుకోండి. ఖాతాలో రెండుసార్లు పోయినట్టు తేలితే ఆలస్యం చేయక దరఖాస్తు ఇవ్వండి. ఒక పాలసీ మాత్రం చేతిలో పదిలంగా ఉంచుకున్న తర్వాతే సుమా.